గోంగూర ఒకటా, రెండా?

ఈసారి మీ ఇంట్లో గోంగూర కట్టలు తెచ్చినప్పుడు, అమ్మ ఆకు వలిచి కాడలు పారవేసేలోగా ఒక రెమ్మ అడిగి తీసుకోండి. వెలుతురులో పట్టుకుని చూడండి. కాడ పచ్చగా ఉందా, ఎర్రగా ఉందా? ఆకు చీలి, చేతివేళ్ళలా ఎన్ని భాగాలుగా విడివడి ఉంది? కాడ మీద మెల్లగా వేలు పెట్టి నిమిరితే ఏమైనా గుచ్చుకుంటున్నదా?

"రోజూ తినే గోంగూరలో ఇంతగా చూడవలసింది ఏముంది?" అనుకుంటున్నారా? మీ చేతిలోని రెమ్మ ఏ మొక్కది అని ఒక వృక్షశాస్త్రజ్ఞుణ్ణి అడిగి చూడండి. ఆయన వెంటనే జవాబు చెప్పకపోవచ్చు. "పువ్వు దొరుకుతుందా? కాయ దొరుకుతుందా?" అని తిరిగి మిమ్మల్నే అడుగుతాడు. ఎందుకంటే, మనం గోంగూర అనే ఒక్క పేరుతో పిలిచేది నిజానికి ఒక మొక్క కాదు, రెండు. అవి దగ్గర చుట్టాలే కాని, వేర్వేరు జాతులు. కూర వండేవారికి ఈ తేడాతో పని లేకపోవచ్చు. కాని గోగు పండించే రైతుకు ఉంది. ఆ రెండింటినీ వేరుచేసి గుర్తించడం ఎలాగో, గుర్తించకపోతే ఏమవుతుందో ఇప్పుడు చూద్దాం.

ఇంటిపేరు ఒకటే

మొక్క పేరు గోగు. దాని ఆకుకూర గోంగూర. తెలంగాణలో పుంటికూర అంటారు. కన్నడిగులకు ఇది పుండి, మహారాష్ట్రులకు అంబాడి. పేర్లు ఎన్ని ఉన్నా అవి చాలావరకు రెండు మొక్కలకూ కలిపి వాడేవే.

శాస్త్రజ్ఞులు మాత్రం వీటికి వేర్వేరు పేర్లు పెట్టారు. ఒకటి హైబిస్కస్ సబ్దరిఫా. రెండవది హైబిస్కస్ కన్నాబినస్. స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ మొదటిదానికి 1753లో, రెండవదానికి 1759లో ఈ పేర్లు పెట్టాడు. శాస్త్రీయ నామంలో రెండు మాటలుంటాయని మీకు తెలుసు. మొదటిది ప్రజాతి పేరు, రెండవది జాతి పేరు. తెలుగువాళ్ళం ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత రాస్తాం కదా! శాస్త్రజ్ఞుల పద్ధతి కూడా అదే. ఇకమీదట మనం ఇంటిపేరు వదిలి, సొంతపేర్లతో కన్నాబినస్, సబ్దరిఫా అని పిలుద్దాం.

హైబిస్కస్ అనే ఇంటిపేరు గలది మీకు బాగా తెలిసిన మొక్క మరొకటి ఉంది. అదే మందారం. దాని పూర్తిపేరు హైబిస్కస్ రోజా సైనెన్సిస్. బడిలో మందారపువ్వును కోసి చూసే ఉంటారు. అయిదు పూరేకులు, మధ్యలో పొడవైన గొట్టం, ఆ గొట్టం చుట్టూ అతుక్కుని కేసరాలు, గొట్టం లోపలినుంచి పైకి వచ్చిన కీలం, దాని చివర అయిదు కీలాగ్రాలు. గోగుపువ్వును కోసినా ఇదే అమరిక కనిపిస్తుంది. పత్తి, బెండ, గంగరావి, తుత్తురుబెండ కూడా ఈ కుటుంబంలోవే. దీనిని మాల్వేసీ కుటుంబం అంటారు.

బెండను లిన్నేయస్ హైబిస్కస్ ప్రజాతిలోనే చేర్చాడు. తరువాతివారు దానిని వేరుచేసి అబెల్మోస్కస్ అనే మరో ప్రజాతిలో పెట్టారు. కారణం ఏమిటో తెలుసా? బెండపువ్వు రక్షక పత్రాలు విచ్చుకునేటప్పుడు ఒక పక్కగా చీలి, పూరేకులతోపాటే రాలిపోతాయి. హైబిస్కస్ మొక్కల్లో అవి రాలిపోవు. కాయతోనే ఉండిపోతాయి. పువ్వు అడుగున ఉండే ఈ ఆకుపచ్చని రేకులను మనం సాధారణంగా పట్టించుకోం. కాని మన రెండు గోంగూరలనూ వేరుచేసే రహస్యం కూడా అక్కడే ఉంది. ఆ మాట గుర్తుంచుకోండి.

కాడ రంగు చెప్పే అబద్ధం

సంతలో గోంగూర అమ్మేవారు "ఎర్ర గోంగూర, తెల్ల గోంగూర" అంటారు. ఎర్ర కాడ గోంగూరకు పులుపు ఎక్కువ అని కూడా అంటారు. "అయితే ఇంకేం, ఎర్రది ఒక జాతి, తెల్లది ఒక జాతి!" అనిపిస్తుంది. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు.

కన్నాబినస్‌లో పచ్చకాడ రకాలు ఉన్నాయి, ఎర్రకాడ రకాలూ ఉన్నాయి. సబ్దరిఫాలోనూ రెండు విధాలూ ఉన్నాయి. కాడ ఎర్రగా కనిపించడానికి కారణం ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం. ఒకే జాతిలో కొన్ని మొక్కలు దానిని ఎక్కువగా తయారుచేస్తాయి, కొన్ని చేయవు. తెల్ల ఉల్లి, ఎర్ర ఉల్లి రెండూ ఉల్లే కదా! తెల్ల వంకాయ, నల్ల వంకాయ రెండూ వంకాయలే. అలాగే కాడ రంగు రకాన్ని చెబుతుందే కాని, జాతిని చెప్పదు.

మరి ఆకును అడుగుదామా? ఆకు కొంతవరకు నిజం చెబుతుంది. మొలకెత్తిన కొత్తలో రెండు మొక్కల ఆకులూ చీలికలు లేకుండానే ఉంటాయి. మొక్క ఎదిగేకొద్దీ కన్నాబినస్ ఆకు లోతుగా చీలి, మూడు, అయిదు, ఏడు సన్నని భాగాలుగా విడిపోతుంది. ఈ భాగాలను తమ్మెలు అంటారు. వాటి అంచులు రంపపు పళ్ళలా ఉంటాయి. చూడడానికి గంజాయి ఆకులా ఉంటుంది. కన్నాబినస్ అంటే 'గంజాయి మొక్కలాంటిది' అని అర్థం. పోలిక ఆకులోనే సుమా, గుణంలో కాదు! సబ్దరిఫా పై ఆకులకు ఎక్కువగా మూడు తమ్మెలు, అప్పుడప్పుడు అయిదు ఉంటాయి.

అయితే ఇక్కడా ఒక చిక్కు ఉంది. కన్నాబినస్‌లో కొన్ని రకాల ఆకులు చివరిదాకా చీలకుండానే ఉంటాయి. కాబట్టి ఆకు ఒక ఆధారమే కాని, రుజువు కాదు. గోంగూరను మనం లేతగా ఉన్నప్పుడే కోసి తినేస్తాం. అందుకే ఒకే కట్టలో రెండు జాతులు కలిసి వచ్చినా మన వంటింట్లో ఎవరికీ తెలియదు.

పువ్వును తిరగేసి చూడండి

గోగుపూలు ఉదయం విచ్చుకుని, ఆ రోజే ముడుచుకుపోతాయి. రెండు జాతుల పూలూ లేత పసుపు రంగులో, నడుమ ముదురు ఎరుపు మచ్చతో ఉంటాయి. కన్నాబినస్ పువ్వు కొంచెం పెద్దది. పైనుంచి చూస్తే ఇంతకు మించి తేడా కనిపించదు. ఇప్పుడు పువ్వును తిరగేసి అడుగుభాగం చూడండి.

కన్నాబినస్ పువ్వు అడుగున అయిదు రక్షక పత్రాలు సన్నగా, మొనదేలి ఉంటాయి. వాటిమీద గరుకైన నూగు, మొదట్లో దూదిలాంటి తెల్లని నూగు ఉంటాయి. ప్రతి రక్షక పత్రం వెనుక, నడిమి ఈనె మీద చిన్న బుడిపె ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. అది మకరంద గ్రంథి. దాని చుట్టూ చీమలు తిరుగుతూ ఉంటాయి. రక్షక పత్రాలకు కింద ఇంకొక వరస ఉంటుంది. ఏడెనిమిది సన్నని పచ్చని పీలికలు. వీటిని లఘుపుచ్ఛాలు అంటారు. కన్నాబినస్‌లో ఇవి దారాల్లా, ఒకదానికొకటి అంటుకోకుండా విడివిడిగా ఉంటాయి. పూరేకులు రాలిన తరువాత ఈ రక్షక పత్రాలు కాయచుట్టూ ఎండి నిలిచిపోతాయి. కాయ మీద ముళ్ళలాంటి నూగు ఉంటుంది. చేత్తో పట్టుకుంటే గుచ్చుకుంటుంది.

సబ్దరిఫా సంగతి వేరు. దాని రక్షక పత్రాలు అడుగున కలిసిపోయి ఒక గిన్నెలా ఏర్పడతాయి. లఘుపుచ్ఛాలు ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఉంటాయి. అవి కొంచెం మందంగా ఉండి, మొదట్లో ఆ గిన్నెకే అతుక్కుని ఉంటాయి. పూరేకులు రాలిపోయాక ఈ గిన్నె ఎండిపోదు. ఇంకా పెరుగుతుంది. పెరిగి లోపలి కాయను కప్పివేస్తుంది.

సబ్దరిఫాలో మళ్ళీ రెండు తెగలున్నాయి. ఒకటి గుబురుగా, కొమ్మలు వేసి పెరిగేది. దాని రక్షక పత్రాలు కండపట్టి, రసంతో నిండి, ముదురు ఎరుపు రంగుకు వస్తాయి. రెండవది కొమ్మలు లేకుండా నిటారుగా ఎత్తుగా పెరిగేది. దీనిని నార కోసం పెంచుతారు. దీని రక్షక పత్రాలకు అంత కండ ఉండదు, గరుకుగా ఉంటాయి. అయినా అవి గిన్నెలా కలిసి ఉండడం, లఘుపుచ్ఛాలు ఆ గిన్నెకు అతికి ఉండడం మాత్రం రెండు తెగల్లోనూ ఉంటుంది. కనుక ఎరుపు రంగును కాదు, కండను కాదు, ఆ అతుకునే చూడాలి.

ఎర్రని కండగల ఈ గిన్నెలను చూసి చాలామంది పండు అంటారు, మరికొందరు పువ్వు అంటారు. నిజానికి అది రెండూ కాదు, రక్షక పత్రాలే. వాటిని ఎండబెట్టి నీళ్ళలో మరిగిస్తే ఎర్రని పుల్లని పానీయం వస్తుంది. సూడాన్, ఈజిప్టు దేశాల్లో దీనిని కర్కదే అంటారు. సెనెగల్‌లో బిస్సాప్ అంటారు. జమైకాలో క్రిస్మస్ పండుగకు దీనినే సారెల్ అనే పేరుతో తాగుతారు. మనం ఆకు తిని రక్షక పత్రాలను వదిలేస్తే, వారు రక్షక పత్రాలకోసమే మొక్కను పెంచుతారు.

ఇంట్లో చేయదగిన ప్రయోగం

ఎర్రని రక్షక పత్రాలు పదీ పన్నెండు దొరికితే ఈ ప్రయోగం చేయండి. గ్లాసుడు వేడినీళ్ళలో వాటిని పావుగంట నానబెట్టండి. వేడినీళ్ళు పెద్దవారి చేత పోయించుకోండి. ఎర్రని నీటిని వడకట్టి మూడు గాజు గ్లాసుల్లో పోయండి. మొదటిదానిని అలాగే ఉంచండి. రెండవదానిలో నిమ్మరసం పిండండి. మూడవదానిలో చిటికెడు వంటసోడా వేసి కలపండి.

నిమ్మరసం కలిపిన నీళ్ళు ఎర్రగానే ఉంటాయి, ఇంకా నిగనిగలాడతాయి. వంటసోడా కలిపినవి ఎరుపు పోయి నీలిగానో, ఆకుపచ్చ వైపుగానో మారతాయి. ఆంథోసయనిన్ ఆమ్లంలో ఒక రంగులో, క్షారంలో మరో రంగులో కనిపించడమే దీనికి కారణం. ఈ ప్రయోగాన్నే ఎర్ర మందారం రేకులతో మీరు బడిలో చేసి ఉంటారు. మందారం రేకుల్లో ఉన్నదీ, గోంగూర రక్షక పత్రాల్లో ఉన్నదీ ఆంథోసయనిన్‌లే. పనయ్యాక ఆ నీళ్ళను మొక్కల మొదట్లో పారబోయండి, తాగవద్దు.

క్రోమోజోములు చెప్పిన చుట్టరికం

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. లఘుపుచ్ఛాలు గిన్నెకు అతికి ఉంటే ఒక జాతి, విడిగా ఉంటే మరో జాతి అన్నాం. కాడ రంగు మాత్రం జాతిని చెప్పదన్నాం. రంగు పనికిరానప్పుడు, ఈ అతుకు మాత్రం ఎలా పనికివస్తుంది? ఇవి నిజంగా రెండు జాతులే అని ఏమిటి నమ్మకం?

మంచి ప్రశ్న. దీనికి జవాబు మొక్క కణాల లోపల దొరికింది. ప్రతి కణంలోనూ క్రోమోజోములు ఉంటాయి. కన్నాబినస్ కణంలో వాటి సంఖ్య 36. సబ్దరిఫా కణంలో 72. సరిగ్గా రెట్టింపు!

పుప్పొడిలోకి, అండంలోకి క్రోమోజోములు సగమే వెళతాయి. కన్నాబినస్ నుంచి 18, సబ్దరిఫా నుంచి 36. ఈ రెండు మొక్కలకూ సంకరం చేస్తే, పుట్టే మొక్కలో 54 క్రోమోజోములు ఉంటాయి. అలాంటి సంకరం మొక్కలను పెంచడం కష్టం. పెరిగినా అవి వంధ్యంగానే ఉంటాయి, అంటే విత్తనాలు సరిగా కట్టవు. స్వేచ్ఛగా కలిసి, విత్తనాలు గల సంతానాన్ని ఇవ్వలేనప్పుడు అవి రెండు జాతులే అనడానికి అదే గట్టి రుజువు. పచ్చకాడ, ఎర్రకాడ రకాలు ఒకే జాతివైతే, వాటి మధ్య ఇలాంటి అడ్డు ఏదీ ఉండదు.

అయితే ఈ సంకరం మొక్క ఇంకో విషయం కూడా చెప్పింది. పుప్పొడి తయారయ్యేటప్పుడు, ఒకదానికొకటి సరిపోయే క్రోమోజోములు జతలుగా చేరతాయి. సరిపోనివి ఒంటరిగా మిగిలిపోతాయి. 1960 దశకంలో అమెరికాలో మెంజెల్, విల్సన్ అనే శాస్త్రజ్ఞులు హైబిస్కస్ జాతుల సంకరాల్లో ఈ జతలను సూక్ష్మదర్శినితో లెక్కపెట్టారు. కన్నాబినస్ నుంచి వచ్చిన 18 క్రోమోజోములకూ సబ్దరిఫా క్రోమోజోముల్లో సగం జోడీ కలుస్తాయి. మిగిలిన సగానికి జోడీ లేదు.

దీని అర్థం ఏమిటి? సబ్దరిఫా రెండు వేర్వేరు పూర్వికుల కలయికవల్ల పుట్టిందన్నమాట. ఎప్పుడో 36 క్రోమోజోములు గల రెండు మొక్కలు కలిశాయి. వాటి సంతానంలో క్రోమోజోముల సంఖ్య రెట్టింపై 72 అయింది. రెట్టింపు కావడంతో ప్రతిదానికీ జోడీ దొరికింది, విత్తనాలు కట్టడం మొదలైంది. ఆ పూర్వికుల్లో ఒకటి కన్నాబినస్‌కు చాలా దగ్గరిది. కాబట్టి కన్నాబినస్ సబ్దరిఫాకు తల్లి అని చెప్పలేం. తల్లి పుట్టింటివారి మనిషి అనవచ్చు. రెండింటికీ పుట్టినిల్లు ఆఫ్రికా ఖండం. అక్కడినుంచి బయలుదేరి మన పెరళ్ళలోకి వచ్చి, మన నోట ఒకే పేరు సంపాదించుకున్నాయి.

రైతుకు ఈ తేడా ఎందుకు?

గోగు ఆకుకూర మాత్రమే కాదు, నారపంట కూడా. కాండం పైతొక్కలో, ఆహారాన్ని మోసే పోషక కణజాలం దగ్గర, పొడవైన నారపోగులు ఉంటాయి. మొక్కలను కోసి, ఆకు రాలనిచ్చి, కట్టలు కట్టి చెరువులోనో కుంటలోనో ఊరవేస్తారు. రెండు వారాలో, మూడు వారాలో గడిచేసరికి నీటిలోని సూక్ష్మజీవులు పోగులను అతికించి ఉంచిన పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని తినేస్తాయి. అప్పుడు నార సులభంగా ఊడివస్తుంది. దానిని ఉతికి ఆరబెడతారు. మిగిలిన పుల్లలు వంటచెరకుగా పనికివస్తాయి. దీపావళి నాడు గుడ్డపీలికలు చుట్టి వెలిగించి, పిల్లలు నేలకు కొట్టే దివిటీలకు కూడా చాలా ఊళ్ళలో గోగుకాడలనే వాడతారు.

ఒకప్పుడు ఈ నార భీమునిపట్నం రేవు నుంచి విదేశాలకు వెళ్ళేది. అందుకే వర్తకులు దానికి 'బిమ్లీ జనుము' అని పేరు పెట్టారు. 1947లో దేశ విభజన జరిగినప్పుడు, జనపనార మిల్లులు ఎక్కువగా కలకత్తా చుట్టుపక్కల మన దేశంలో ఉండిపోయాయి. జనపనార పండే పొలాలు ఎక్కువ భాగం తూర్పు పాకిస్తాన్‌లోకి, అంటే నేటి బంగ్లాదేశ్‌లోకి, పోయాయి. మిల్లులకు నార కరువైంది. అప్పుడు జనపనారతో కలిపి నేయడానికి గోగునార అవసరం పెరిగింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో గోగు ముఖ్యమైన పంట అయింది.

మరి ఏ గోగు వేయాలి? రెండింటి గుణాలూ చూడండి.

కన్నాబినస్ తొందరగా ఎదుగుతుంది. నాలుగైదు నెలల్లో కోతకు వస్తుంది. కాని తేమ బాగా కావాలి. వేళ్ళమీద బుడిపెలు కట్టించే నులిపురుగులకు తేలికగా లొంగిపోతుంది.

సబ్దరిఫాకు అయిదారు నెలలు పడుతుంది. కాని వాన వెనకాడినా తట్టుకుంటుంది. బుడిపె నులిపురుగులు దానిని పెద్దగా బాధించలేవు. అయితే దానికి మొదలుకుళ్ళు తెగులు బెడద ఎక్కువ. పొలంలో నీరు నిలిస్తే మొక్క మొదలు కుళ్ళి పడిపోతుంది.

ఉత్తర కోస్తాలో మెట్టభూముల్లో, వాన మీదనే ఆధారపడి గోగు వేస్తారు. అందుకే అక్కడ సబ్దరిఫా బాగా నిలదొక్కుకుంది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలోని వ్యవసాయ పరిశోధన స్థానం 'ఎ.ఎం.వి.' అనే పేరుతో రూపొందించిన గోగు రకాలు సబ్దరిఫా జాతివే.

ఇప్పుడు రెండు జాతుల విత్తనాలు కలిసిపోయాయి అనుకోండి. నారకోసం పంటను సగం మొక్కలు పూతకు వచ్చిన సమయంలో కోయాలి. ముందుగా కోస్తే నార తక్కువ వస్తుంది, బలం ఉండదు. ఆలస్యమైతే నార ముతకబారుతుంది, ఊరడమూ కష్టమే. కలిసిపోయిన పొలంలో ఒక జాతి ముదిరిపోతూ ఉంటే, మరో జాతి ఇంకా లేతగానే ఉంటుంది. ఎప్పుడు కోసినా నష్టమే. ఒకే కుంటలో ఊరవేస్తే ఒక కట్ట ఊరిపోయి, ఇంకొక కట్ట ఊరక మిగులుతుంది. పువ్వు అడుగున ఉన్న ఒక చిన్న అతుకును గుర్తించడం, గుర్తించకపోవడం మీద ఒక కుటుంబపు ఏడాది కష్టం ఆధారపడి ఉంటుందన్నమాట.

"సబ్దరిఫాలో నులిపురుగులను తట్టుకునే గుణం ఉంది కదా! దానిని కన్నాబినస్‌లోకి తెస్తే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. శాస్త్రజ్ఞులకూ అదే కోరిక. కాని 36, 72 అనే అంకెలు అడ్డు నిలిచాయి. సంకరం మొక్కకు విత్తనాలు కట్టవని చెప్పుకున్నాం కదా! చుట్టరికం తెలిసినా, గుణం మార్పిడి అంత తేలిక కాదు.

కన్నాబినస్‌కు మరో గౌరవం దక్కింది. 1950 దశకంలో అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞులు కాగితం గుజ్జుకు చెట్లకు బదులుగా ఏ మొక్క పనికివస్తుందా అని వెదికారు. 500కు పైగా మొక్కలను పరీక్షించి, బాగా పనికివచ్చేవాటిలో కన్నాబినస్‌ను ముందు వరసలో నిలబెట్టారు. అడవిచెట్టు ఎదగడానికి ఏళ్ళు పడితే, ఈ మొక్క కొన్ని నెలల్లోనే నిలువెత్తును దాటి పెరుగుతుంది.

పగటిని కొలిచే మొక్క

ఇవన్నీ చదివి నమ్మడం కంటే మీరే చూడడం మంచిది. అందుకు ఒక చిన్న పని చెబుతాను. మీకు దొరికిన గోగు విత్తనాలు జూన్ నెలలో పెరట్లో ఒక మూల వేయండి. మీ ఊళ్ళో ఇద్దరు ముగ్గురి దగ్గర విత్తనాలు అడిగి, వేరువేరుగా వేస్తే ఇంకా మంచిది. ఆకు కోసుకోండి, కాని ప్రతిచోటా రెండు మూడు మొక్కలను మాత్రం ముట్టుకోకుండా వదిలేయండి.

ఆ మొక్కలు వానకాలమంతా పొడుగు పెరుగుతాయే కాని పూయవు. గోగు హ్రస్వ దీప్తికాల మొక్క. అంటే పగటి కాలం తగ్గినప్పుడే పూతకు వస్తుంది. మన ప్రాంతంలో జూన్‌లో పగలు పదమూడు గంటలకు కొంచెం పైన ఉంటుంది. డిసెంబరు నాటికి పదకొండు గంటలకు తగ్గుతుంది. పగలు తగ్గుతూ వస్తుంటే మొక్క దానిని గుర్తించి మొగ్గ తొడుగుతుంది. అందుకే రైతులు తొలకరికే గోగు వేస్తారు. పూతకు ముందు ఎన్ని నెలలు దొరికితే కాండం అంత పొడవు, నార అంత ఎక్కువ. అవే విత్తనాలు నవంబరులో మరికొన్ని వేసి చూడండి. మొక్క చిన్నగా ఉండగానే పూతకు వచ్చేస్తుంది. రెండింటి ఎత్తూ కొలిచి నోటుపుస్తకంలో రాసుకోండి.

జూన్‌లో వేసిన మొక్కలు పూసినప్పుడు, ఒక ఉదయం భూతద్దం తీసుకుని వెళ్ళండి. పువ్వును తిరగేయండి. ఈ నాలుగు ప్రశ్నలు వేసి, జవాబులు రాసుకోండి:

1. పై ఆకులకు ఎన్ని తమ్మెలు? అయిదు, ఏడు ఉంటే కన్నాబినస్ కావచ్చు. మూడే ఉంటే తొందరపడి నిర్ణయించకండి.

2. లఘుపుచ్ఛాలు దారాల్లా విడిగా ఉన్నాయా, రక్షక పత్రాల గిన్నెకు అతుక్కుని ఉన్నాయా? విడిగా ఉంటే కన్నాబినస్, అతికి ఉంటే సబ్దరిఫా.

3. పూరేకులు రాలాక రక్షక పత్రాలు పెరిగి కాయను కప్పివేశాయా? కప్పితే సబ్దరిఫా.

4. కాడ రంగు ఏమిటి? ఇది కూడా రాసుకోండి, కాని జవాబు దీనిమీద తేల్చకండి.

ఒక్క గుర్తును చూసి తీర్పు చెప్పకుండా, నాలుగూ కలిపి చూడండి. మీ తరగతిలో పదిమంది ఇలా చేస్తే, మీ ఊరి గోంగూర ఏ జాతిదో, లేక రెండూ కలిసి ఉన్నాయో మీరే తేల్చగలరు. ఆ తరువాత అమ్మ పచ్చడి నూరుతున్నప్పుడు దగ్గర కూర్చుని, "అమ్మా, ఇది కన్నాబినస్ కాదు, సబ్దరిఫా!" అని చెప్పండి. అమ్మ ఆశ్చర్యపోయి "నీకెలా తెలుసు?" అని అడుగుతుంది. అప్పుడు ఎండిన కాయ ఒకటి చేతిలో పెట్టి, దాని అడుగుభాగం చూపించండి.